మరణాల లెక్కలో లేని గడి

ఏ జబ్బుకు ఒక సమాజం ఎంత మూల్యం చెల్లిస్తున్నదో కొలవడానికి ప్రజారోగ్య శాస్త్రం 1990ల నుంచి ఒక కొలమానాన్ని వాడుతున్నది. అకాల మరణం వల్ల కోల్పోయిన ఏళ్లకు, అనారోగ్యంతో గడిపిన ఏళ్లను తీవ్రతను బట్టి కలిపితే వచ్చేదే వ్యాధి భారం. ఎనభై ఏళ్ల వృద్ధుడి మరణం కంటే పాతికేళ్ల కూలీ మరణం ఈ లెక్కలో ఎన్నో రెట్లు బరువు తూగుతుంది. కాబట్టి ఎవరు ముందుగా చనిపోతున్నారన్నదే అసలు ప్రశ్న. మన దేశంలో ఆ 'ఎవరు'కు వయసు ఉన్నది, లింగం ఉన్నది, రాష్ట్రం ఉన్నది. కులం లేదు.

భారత వైద్య పరిశోధన మండలి మరికొన్ని సంస్థలతో కలిసి 2017లో రాష్ట్రాలవారీ వ్యాధి భార నివేదికను వెలువరించింది. దేశ వ్యాధి భారంలో 1990లో సుమారు 30 శాతమున్న అసాంక్రమిక వ్యాధుల వాటా 2016 నాటికి 55 శాతానికి చేరిందని అది తేల్చింది. విలువైన పనే. కానీ కరీంనగర్ పట్టణంలోని వ్యాపారి ఇల్లూ, ఉట్నూరు ఏజెన్సీలోని కొలాం గూడెమూ అందులో ఒకే తెలంగాణ సగటు కింద ఇమిడిపోయాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) జిల్లా పత్రాల్లోనూ అంతే. కుమురం భీం ఆసిఫాబాద్ స్త్రీలలో రక్తహీనత ఎంతో అందులో ఉంటుంది. ఆ స్త్రీలలో గోండులెందరో, మాదిగలెందరో ఉండదు.

ఆ తేడా ఊహ కాదు. ఛత్తీస్‌గఢ్ సహా తొమ్మిది రాష్ట్రాలపై 2022లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, అగ్రకుల హిందువుల కంటే ఆదివాసుల ఆయుర్దాయం నాలుగేళ్లకు పైగా, దళితులది మూడేళ్లకు పైగా తక్కువ. ఈ అంతరంలో పేదరికం వివరించగలిగింది సగం లోపే. ఆ తొమ్మిదింటిలో తెలంగాణ లేదు.

సికిల్ సెల్ నిర్మూలన పేరిట 2023 నుంచి ఆదివాసీ ప్రాంతాల్లో రక్త పరీక్షలు జరుగుతున్నాయి. జబ్బు రక్తంలో ఉంటే ప్రభుత్వానికి తెగ కనిపిస్తున్నది. తాగునీటిలోనో, తవ్వే గనిలోనో, చుట్టే బీడీలోనో ఉంటే కనిపించడం లేదు. కోరుట్లలో బీడీలు చుట్టిన స్త్రీ మరణిస్తే, వృత్తి గడిలో 'గృహిణి' అని పడితే చాలు, ఆమె పీల్చిన పొగాకు దుమ్ము లెక్కలోంచి తప్పుకుంటుంది. పైగా దేశంలో నమోదైన మరణాల్లో వైద్యులు కారణాన్ని ధ్రువీకరించినవి 2020లో 22.5 శాతమే.

తెలంగాణ ప్రభుత్వం 2024లో ఇంటింటి కుల సర్వే జరిపింది. సామాజిక, ఆర్థిక, విద్య, ఉపాధి, రాజకీయ రంగాలన్నీ దాని పేరులో ఉన్నాయి గానీ ఆరోగ్యం లేదు. అయినా ఒక మేలు జరిగింది. ఏ కులం జనాభా ఎంతో తెలిసింది. అంటే మరణాల రేటు కట్టడానికి హారం చేతికొచ్చింది. లవమే లేదు. అది రావలసింది మరణ నివేదిక ఫారం నుంచి. ఆ ఫారంలో మతం అడుగుతారు, వృత్తి అడుగుతారు, పొగ తాగేవారా అని కూడా అడుగుతారు. కులం అడగరు.

కులం రాయిస్తే కులతత్వం పెరుగుతుందన్న అభ్యంతరం పాతదే. ఆ ఫారంలోని గణాంక భాగం ధ్రువపత్రంపై అచ్చు కాదు, కుటుంబం చేతికి రాదు. రాబోయే జనగణనలో కులాన్ని లెక్కించాలని కేంద్రం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. బతికున్నవారి కులం రాసుకోవడానికి లేని అభ్యంతరం మరణించినవారి విషయంలో ఎందుకు? ఆ ఒక్క గడి చేర్చమని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని ఇప్పుడే కోరాలి.