కుబుసం చిక్కుకుంటే లాగవద్దు: పెంపుడు కొండచిలువ చర్మం ఎందుకు పొడిబారుతుంది, ఏం చేయాలి?

ఆరోగ్యంగా ఉన్న కొండచిలువ తన కుబుసాన్ని మూతి నుంచి తోక కొస దాకా ఒకే ముక్కగా విడుస్తుంది. అది చిరిగి పేలికలుగా ఊడుతున్నా, కంటి మీదనో తోక చివరనో పాత పొర అంటుకుని ఉండిపోయినా, ఏదో లోపం ఉన్నట్టే. చాలా సందర్భాల్లో ఆ లోపం పాము చర్మంలో ఉండదు. అది పీల్చే గాలిలో ఉంటుంది.

ఈ సంగతి తెలియని పెంపకందారులు ఊడని పొరను గోటితో గీకుతారు, పట్టకారుతో లాగుతారు, కొబ్బరినూనె పూస్తారు. సాయం చేయాలన్న ఆత్రుతతో చేసే ఈ పనుల వల్ల పాము కన్నునే కోల్పోయే ప్రమాదం ఉంది.

ఇంతకీ కొండచిలువను పెంచుకోవచ్చా?

మన దేశంలో సహజంగా కనిపించే కొండచిలువలను ఇంట్లో పెంచడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం భారతీయ కొండచిలువను పులి, ఏనుగులతో పాటు మొదటి షెడ్యూలులో చేర్చింది. ఉల్లంఘనకు మూడు నుంచి ఏడేళ్ల జైలు శిక్ష పడవచ్చు. పొలంలోనో పెరట్లోనో కొండచిలువ కనిపించి, దాని చర్మం పొడిబారినట్టు ఉన్నా చేయాల్సింది ఒక్కటే. దాన్ని ముట్టుకోకుండా అటవీశాఖకు కబురు చేయాలి.

ప్రపంచవ్యాప్తంగా ఇళ్లలో ఎక్కువగా పెరిగేది బాల్ పైథాన్. ఘనా, టోగో, బెనిన్ వంటి పశ్చిమ ఆఫ్రికా దేశాలకు చెందిన చిన్న కొండచిలువ ఇది. భయపడితే బంతిలా చుట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. సాధారణంగా మూడు నుంచి అయిదు అడుగుల పొడవు పెరుగుతుంది, మంచి సంరక్షణలో ఇరవై ఏళ్లకు పైగా బతుకుతుంది.

వన్యజీవుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో బాల్ పైథాన్ ఉంది. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ ఇలాంటి జీవులకు నాలుగో షెడ్యూలును కేటాయించింది. 2024లో వెలువడిన నిబంధనల ప్రకారం, ఈ జీవులు తమ దగ్గర ఉన్నవారు పరివేష్ పోర్టల్ ద్వారా ఆ వివరాలు తెలిపి నమోదు చేయించుకోవాలి. పత్రాలు లేకుండా ఎవరైనా అమ్మజూపితే కొనకపోవడమే మంచిది.

కుబుసం వెనుక ఏం జరుగుతుంది?

తెలుగులో కుబుసం అంటే పాము విడిచే పొర మాత్రమే కాదు, రవిక అని కూడా అర్థం ఉంది. సంస్కృతంలోని కంచుకం అనే మాటకూ ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. పాము చేసే పని కూడా అచ్చంగా బిగుతైన రవికను విప్పడం లాంటిదే.

మనుషుల చర్మం కంటికి కనిపించని రేణువులుగా నిత్యం రాలిపోతుంది. పాము మాత్రం పై పొరను మొత్తంగా ఒకేసారి మార్చుకుంటుంది. ముందుగా పాత పొర అడుగున కొత్త పొర తయారవుతుంది. తర్వాత రెండింటి మధ్యకు పల్చని ద్రవం చేరి వాటిని విడదీస్తుంది. ఈ దశలో పాము రంగు వెలిసినట్టు కనిపిస్తుంది, పొట్ట కింద గులాబీ ఛాయ వస్తుంది, కళ్లు పాలు కలిపిన నీలి రంగులోకి మారతాయి. కొన్ని రోజులకు కళ్లు మళ్లీ తేటపడతాయి. ఆ తర్వాత వారం లోపు పాము మూతిని గరుకైన వస్తువుకు రాసి పాత పొర అంచును తెరుస్తుంది. అక్కడి నుంచి పాకుతూ, మేజోడును తిరగదీసినట్టు కుబుసంలోంచి బయటకు వస్తుంది. మొత్తం ప్రక్రియకు ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది. పిల్ల పాములు త్వరగా పెరుగుతాయి కాబట్టి తరచుగా, పెద్దవి కొంత అరుదుగా కుబుసం విడుస్తాయి.

కళ్లు మసకబారిన రోజుల్లో పాముకు సరిగా కనిపించదు. చిరాకుగా ఉంటుంది, ఆహారం ముట్టకపోవచ్చు. ఇది జబ్బు కాదు. ఆ రోజుల్లో దాన్ని చేతుల్లోకి తీసుకోకూడదు, తినమని బలవంతపెట్టకూడదు.

పుట్టలో ఉన్నది, గాజు పెట్టెలో లేనిది

పాముకు పుట్ట అవసరమని తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. నాగుల చవితి నాడు మనం పాలు పోసే పుట్టలు నిజానికి చెదపురుగులు కట్టినవి. బాల్ పైథాన్ కూడా ఆఫ్రికా గడ్డిభూముల్లో పగటిపూట ఇలాంటి చెదపుట్టల్లో, ఎలుక జాతి జంతువులు తవ్విన బొరియల్లో తలదాచుకుంటుంది. బయట ఎంత ఎండ కాసినా పుట్ట లోపలి గాలిలో తేమ నిలిచి ఉంటుంది. ఆ తేమ వల్లనే పాత పొర మెత్తగా ఉండి, చిరగకుండా జారిపోతుంది.

ఇంట్లో గాజు పెట్టె పరిస్థితి ఇందుకు విరుద్ధం. పైన ఇనుప జాలీ మూత ఉంటుంది, దాని మీద వేడినిచ్చే దీపం వెలుగుతుంది. వేడెక్కిన గాలి తేమను వెంటబెట్టుకుని జాలీలోంచి పైకి పోతుంది. గదిలో ఏసీ ఉంటే గాలి మరింత పొడిబారుతుంది. విశాఖ వంటి తీర నగరంలో బయట ఉక్కపోత ఉన్నా, ఏసీ గదిలోని పాముకు ఆ తేమ అందదు. ఢిల్లీ చలికాలంలో రూమ్ హీటర్, దక్కన్ పీఠభూమిలో వేసవి వడగాలి చేసే పనీ అదే. ఇలాంటి గాలిలో పాత పొర ఎండి, కొత్త చర్మానికి అతుక్కుపోతుంది.

తేమను ఎలా సరిచేయాలి?

కొలవకుండా తేమను అంచనా వేయలేం. తేమను చూపే డిజిటల్ హైగ్రోమీటర్‌ను పాము తిరిగే ఎత్తులోనే ఉంచాలి. పెట్టె పై అంచున అంటిస్తే తప్పు లెక్క చూపవచ్చు. బాల్ పైథాన్‌కు మామూలు రోజుల్లో దాదాపు 60 శాతం, కుబుసం విడిచే సమయంలో 70 శాతం లేదా కాస్త ఎక్కువ తేమ ఉండాలి. ఉష్ణోగ్రత పెట్టెలో ఒక పక్క 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర, మరో పక్క 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే పాము తనకు అనువైన చోటును తానే ఎంచుకుంటుంది.

తేమను నిలపడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. కింద పరిచిన కాగితాలను తీసేసి, కోకోపీట్ లేదా కొబ్బరి పీచు ముక్కలను మందంగా పరచాలి. నీటిని పాము మీద కాకుండా ఈ పరుపు మీద చల్లాలి. పాము పూర్తిగా మునిగేంత వెడల్పున్న నీటి పాత్రను వెచ్చని వైపుకు జరిపితే ఆవిరి పెరుగుతుంది. దీపానికి దూరంగా ఉన్న జాలీ భాగాన్ని అల్యూమినియం రేకుతో కప్పవచ్చు. అయితే గాలి ఆడటానికి కొంత జాలీని తెరిచే ఉంచాలి. దేవదారు, పైన్ చెక్క పొట్టు వాడకూడదు, వాటిలోని నూనెలు పాములకు హాని చేస్తాయి.

అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది కృత్రిమ పుట్ట. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకు పాము దూరేంత రంధ్రం చేసి, దాని అంచులను నునుపు చేయాలి. స్ఫాగ్నమ్ నాచును తడిపి, నీరు కారకుండా గట్టిగా పిండి, లోపల పరచాలి. కళ్లు మసకబారగానే దీన్ని పెట్టెలో ఉంచితే పాము తనంతట తానే అందులో చేరుతుంది. నాచు బూజు పట్టకుండా తరచుగా మార్చాలి.

పొర ఇప్పటికే అంటుకుని ఉంటే?

కుబుసం విడిచాక ఒంటి మీద పేలికలు మిగిలితే, ముందు కృత్రిమ పుట్టలో ఒకటి రెండు రోజులు గడపనివ్వాలి. అప్పటికీ ఊడకపోతే గోరువెచ్చని నీటి స్నానం పనిచేస్తుంది. నీరు 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. లోతు పాము శరీరం మందాన్ని మించకూడదు. గాలి ఆడే మూత ఉన్న డబ్బాలో ఇరవై నిమిషాల నుంచి అరగంట వరకు ఉంచవచ్చు. ఆ సేపంతా మనిషి పక్కనే ఉండాలి.

తర్వాత తడి తువ్వాలును చేతుల్లో వదులుగా పట్టుకుని పామును దాని మధ్య నుంచి పాకనివ్వాలి. తువ్వాలు గరుకుదనానికి నానిన పొర దానికదే ఊడుతుంది. ఊడనిది ఇంకా సిద్ధం కాలేదని అర్థం. మరునాడు మళ్లీ ప్రయత్నించాలే తప్ప లాగకూడదు. ముందుగానే లాగితే అడుగున ఉన్న లేత చర్మం చిరిగి, ఆ గాయం ఇన్ఫెక్షన్‌కు దారి తీస్తుంది. నూనెలు, సబ్బు, మనుషుల మాయిశ్చరైజర్లు కూడా పూయకూడదు.

కన్ను, తోక: అసలు ప్రమాదం ఇక్కడే

పాముకు కనురెప్పలు ఉండవు. వాటికి బదులు ఒక పారదర్శకమైన పొలుసు అద్దంలా కంటిని కప్పి ఉంటుంది. కుబుసంతో పాటు ఆ పొలుసు పై పొర కూడా ఊడిరావాలి. ఊడకపోతే కన్ను మసకగా, ముడతలు పడినట్టు కనిపిస్తుంది. దాన్ని ట్వీజర్‌తో గానీ అంటుకునే టేపుతో గానీ తీయబోతే అడుగున ఉన్న కొత్త పొలుసు కూడా చిరగవచ్చు. అదే జరిగితే కన్ను ఎండి, పూర్తిగా దెబ్బతింటుంది. తేమ పెంచి తర్వాతి కుబుసం దాకా వేచి చూస్తే తరచుగా రెండు పొరలూ కలిసి ఊడతాయి. అప్పటికీ ఊడకపోతే పశువైద్యులే తీయాలి.

తోక చివర మిగిలిన పొర మరో రకమైన ముప్పు. అది ఎండుతూ ఉంగరంలా బిగుసుకుంటుంది. ప్రతి కుబుసానికీ ఒక్కో పొర చేరితే రక్త ప్రసరణ ఆగి, తోక కొస నల్లబడి కుళ్లిపోతుంది.

తేమ ఎక్కువైనా ముప్పే

పొడిదనానికి భయపడి పెట్టెను చిత్తడి చేయడం మరో పొరపాటు. గాలిలో తేమ ఉండాలి గానీ పాము తడి నేల మీద పడుకోకూడదు. నిత్యం తడిలో, గాలి ఆడని చోట ఉంటే పొట్ట పొలుసుల మీద బొబ్బలు, పుండ్లు వస్తాయి. చల్లదనం కూడా తోడైతే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ సోకవచ్చు.

తేమ సరిగా ఉన్నా కుబుసం పదేపదే చిరిగితే కారణం వేరే చోట వెతకాలి. చర్మం ముడతలు పడి, కళ్లు లోపలికి పోయినట్టుంటే ఒంట్లో నీరు తగ్గినట్టు. పొలుసుల మధ్య, నీటి పాత్రలో కదిలే నల్లని చుక్కలు కనిపిస్తే అవి రక్తం పీల్చే మైట్స్ కావచ్చు. పాత గాయాల మచ్చలు, పోషకాహార లోపం, చాలినంత వేడి లేకపోవడం కూడా కుబుసాన్ని అడ్డుకుంటాయి.

కంటి మీద పొర రెండో కుబుసానికీ ఊడకపోయినా, తోక రంగు మారినా, పుండ్లు కనిపించినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు నుంచి నురగ వస్తున్నా ఆలస్యం చేయకూడదు. సరీసృపాలకు చికిత్స చేసిన అనుభవమున్న పశువైద్యులు అన్ని ఊళ్లలోనూ దొరకరు. అందుకే అవసరం రాకముందే అలాంటివారి చిరునామా తెలుసుకుని ఉంచుకోవాలి.

విడిచిన కుబుసాన్ని పారేయకముందు ఒకసారి పరచి చూడాలి. సాగుతుంది కాబట్టి అది పాము కంటే పొడవుగా ఉంటుంది, దాన్ని చూసి పాము పెరిగిందనుకోకూడదు. తల భాగంలో చిన్న అద్దాల్లాంటి కంటి పొరలు రెండూ ఉన్నాయా, తోక కొస పూర్తిగా వచ్చిందా అన్నవే చూడాల్సిన విషయాలు. ఆ రెండూ సరిగా ఉంటే పెట్టెలోని గాలి కూడా సరిగానే ఉన్నట్టు.