అమెరికా కాలేజీ ఫుట్‌బాల్: కొత్త స్టేడియాలు, ఖాళీ సీట్లు (అపోహలు – వాస్తవాలు)

అమెరికాలో లక్ష మందికి పైగా కూర్చోగల ఫుట్‌బాల్ స్టేడియాలు ఎనిమిది ఉన్నాయి. ఎనిమిదింటిలోనూ ఆడేవి విశ్వవిద్యాలయాల జట్లే. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఆట. అన్నిటికన్నా పెద్దది యాన్ ఆర్బర్‌లోని మిషిగన్ స్టేడియం. 1927లో మొదలైన ఈ స్టేడియంలో 1,07,601 మంది పడతారు. ఇలాంటి స్టేడియాలను బాగుచేయడానికీ, తిరిగి కట్టడానికీ విశ్వవిద్యాలయాలు వందల మిలియన్ల డాలర్లు వెచ్చిస్తున్నాయి. అదే కాలంలో ప్రేక్షకుల సగటు పడిపోయింది. ఈ రెండు విషయాలకూ ఉన్న సంబంధాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటున్నారు.

అపోహ: కాలేజీ ఫుట్‌బాల్‌కు ఆదరణ తగ్గిపోయింది.

వాస్తవం: తగ్గుదల నిజమే. పై శ్రేణి జట్ల మ్యాచ్‌లకు 2008లో సగటున 46 వేలు దాటిన హాజరు 2018 నాటికి 41,856కు దిగింది. కోవిడ్ తరువాతి 2021 సీజన్‌లో 40 వేల లోపుకు పడి, ఆపైన మళ్లీ పుంజుకుంది. అయితే ఈ సగటు 130కి పైగా జట్లను ఒకే గాటన కడుతుంది. ప్రేక్షకులను రానివ్వని 2020ని పక్కన పెడితే, మిషిగన్ స్టేడియంలో 1975 నవంబరు నుంచి ప్రతి మ్యాచ్‌కూ ప్రకటిత హాజరు లక్ష దాటుతూనే ఉంది. ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ విశ్వవిద్యాలయం పరిస్థితి వేరు. అది 2009లో 30,000 సీట్లతో కొత్త స్టేడియం కట్టుకుంది. కానీ అందులో సగం సీట్లు కూడా నిండని సీజన్లే ఎక్కువ. పేరున్న జట్ల గ్యాలరీలు నిలదొక్కుకున్నాయి, చిన్న జట్లవి బోసిపోయాయి. ఆట మొత్తం చితికిపోయిందనడం సరికాదు.

అపోహ: ప్రకటించిన హాజరు అంటే ఆ రోజు గ్యాలరీలో కూర్చున్నవారి సంఖ్య.

వాస్తవం: చాలాచోట్ల అది అమ్ముడైన, పంచిన టికెట్ల లెక్క. గేటు దగ్గర స్కాన్ అయిన టికెట్ల లెక్క వేరేగా ఉంటుంది. వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక 2018లో విశ్వవిద్యాలయాల నుంచి స్కాన్ లెక్కలు సేకరించి పోల్చింది. ప్రకటిత హాజరులో సగటున 71 శాతం టికెట్లే గేట్ల దగ్గర స్కాన్ అయ్యాయని తేలింది. మిగతావి డబ్బు చెల్లించాక కూడా వాడని టికెట్లు, ఎవరికో ఉచితంగా ఇచ్చినవి. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం 1962 నుంచి తన సొంత మైదానంలో ప్రతి మ్యాచ్‌కూ టికెట్లన్నీ అమ్ముడయ్యాయని చెప్పుకుంటుంది. 2021లో మిగిలిన టికెట్లను దాతల డబ్బుతో కొని పేద పిల్లలకు ఇచ్చే పథకం పెట్టారు. పిల్లలకు మంచే జరిగింది, రికార్డూ నిలిచింది. కానీ ‘అన్నీ అమ్ముడయ్యాయి’ అన్న మాటను బట్టి గిరాకీని అంచనా వేయలేమని కూడా ఈ పథకం వల్లే తెలుస్తుంది.

అపోహ: టీవీయే జనాన్ని ఇంట్లో కట్టిపడేసింది.

వాస్తవం: ఈ భయం చాలా పాతది. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ 1950లలోనే, గేటు రాబడి పడిపోతుందన్న ఆందోళనతో టీవీ ప్రసారాలకు పరిమితి విధించింది. 1984లో అమెరికా సుప్రీంకోర్టు ఆ నియంత్రణను కొట్టేసింది. ప్రసారాలు వెల్లువెత్తాయి. అయినా హాజరు శిఖరానికి చేరింది ఆ తరువాత రెండు దశాబ్దాలు దాటాకే. కాబట్టి నేరమంతా టీవీ మీద నెట్టలేం.

టీవీ ఒప్పందాలు స్టేడియానికి వచ్చేవారిని ఇబ్బంది పెడుతున్న మాట మాత్రం వాస్తవం. మ్యాచ్ ఏ గంటకు మొదలవ్వాలో ప్రసార సంస్థలే నిర్ణయిస్తాయి. ఒక్కోసారి ఆ సమయం వారం ముందు వరకూ ఖరారు కాదు. మూడు వందల మైళ్లు కారు నడుపుకుని వచ్చే కుటుంబం హోటల్ గది ఎప్పటికి తీసుకోవాలి? ప్రకటనల విరామాలతో ఆట మూడు గంటలు దాటిపోతుంది. ఆ విరామాల్లో ఇంట్లో ఉన్నవాళ్లు చానల్ మార్చుకుంటారు, గ్యాలరీలో ఉన్నవాళ్లు ఎండలో ఎదురుచూస్తారు. టీవీ డబ్బు కోసమే పాత ప్రాంతీయ లీగులు కూడా చెదిరిపోయాయి. పశ్చిమ తీరంలోని యూసీఎల్‌ఏ, ఒరెగాన్ 2024 నుంచి తూర్పు తీరపు రట్గర్స్‌తో కలిసి ఒకే లీగులో ఆడుతున్నాయి. పక్క ఊరి జట్టుతో తరతరాల పోటీని చూడటానికి వచ్చే అభిమాని ఎక్కడో దూరాన ఉన్న కొత్త ప్రత్యర్థి కోసం అంత ఉత్సాహంగా రాడు.

అపోహ: జనాన్ని వెనక్కి రప్పించడానికే స్టేడియాలను ఆధునికీకరిస్తున్నారు. సీట్లు తగ్గించారంటే ఓటమి ఒప్పుకున్నట్టే.

వాస్తవం: ఎక్కువ ప్రాజెక్టుల అసలు లక్ష్యం ఒక్కో సీటు మీద రాబడి పెంచుకోవడం. మిషిగన్ 2010లో 226 మిలియన్ డాలర్లతో మైదానానికి రెండు పక్కలా ఎత్తయిన భవనాలు లేపి, 80కి పైగా సూట్లు (మ్యాచ్ చూసేందుకు అద్దెకిచ్చే ఖరీదైన విడి గదులు), వేల సంఖ్యలో ఖరీదైన క్లబ్ సీట్లు కట్టింది. అలబామా 2020లో బ్రయంట్-డెన్నీ స్టేడియంలో ఖరీదైన సీట్లు పెంచి, మొత్తం సామర్థ్యాన్ని 1,01,821 నుంచి 1,00,077కు తగ్గించుకుంది. స్టాన్‌ఫర్డ్ 2006లోనే 85 వేల సీట్ల పాత స్టేడియాన్ని పడగొట్టి 50 వేలతో తిరిగి కట్టింది. నార్త్‌వెస్టర్న్ 47 వేల సీట్ల ర్యాన్ ఫీల్డ్‌ను కూలగొట్టి, ఆ చోటే 35 వేల సీట్ల స్టేడియం తలపెట్టింది. దాని ఖర్చు 800 మిలియన్ డాలర్లకు పైమాటే. వీపు ఆనించుకోను ఆసరా లేని బల్లలు పోయి, వెడల్పాటి కుర్చీలు, నీడ, భోజనశాలలు వస్తాయి. వాటితో పాటు ధర కూడా పెరుగుతుంది. ఇది ఓటమి కాదు, లెక్క చూసుకుని వేసిన అడుగు. కాకపోతే సూట్లు, క్లబ్ సీట్లు వచ్చిన చోట సామాన్యుడికి అందే బల్లలే కరిగిపోతాయి. ఈ ప్రాజెక్టుల్లో ఆందోళన కలిగించేది అదే.

తప్పనిసరి మరమ్మతులు వేరు. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయ ట్రస్టీలు 2024లో తమ బీవర్ స్టేడియానికి 700 మిలియన్ డాలర్లు మంజూరు చేశారు. ఆ పనుల్లో కొంత భాగం చలికాలంలో నీటి గొట్టాలు గడ్డకట్టకుండా చేసే ఏర్పాట్లకే. డిసెంబరులోనూ పెద్ద మ్యాచ్‌లు జరిగే రోజులివి. ఆ ఏర్పాట్లు లేకుండా గడవదు.

అపోహ: ఖర్చంతా దాతలు భరిస్తారు, విశ్వవిద్యాలయం మీద భారం పడదు.

వాస్తవం: కొన్నిచోట్ల దాతల డబ్బే ప్రధానం. అన్నిచోట్లా అలా కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ స్టేడియం సరిగ్గా హేవార్డ్ భ్రంశ రేఖ మీద ఉంది. భూకంపాన్ని తట్టుకునేలా 321 మిలియన్ డాలర్లతో బాగుచేసి 2012లో తెరిచారు. దశాబ్దాల పాటు చెల్లే సీటు హక్కులను అమ్మి అప్పు తీర్చాలన్నది పథకం. ఆ హక్కులు అనుకున్నన్ని అమ్ముడుపోలేదు. చివరికి క్రీడా విభాగం అప్పులో కొంత విశ్వవిద్యాలయమే నెత్తికెత్తుకుంది. చిన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో క్రీడల ఖర్చులో పెద్ద వాటా విద్యార్థుల ఫీజు నుంచే వస్తుంది. మ్యాచ్‌కు వెళ్లినా వెళ్లకపోయినా ఆ ఫీజు కట్టాలి. తెలుగు రాష్ట్రాల నుంచి అక్కడికి చదువుకోను వెళ్లినవారు కూడా ఫీజుల పట్టికలో క్రీడల పద్దు ఉందేమో చూసుకోవడం మంచిది. 2025లో అమలైన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలు క్రీడాకారులకు తొలి ఏడాది 20.5 మిలియన్ డాలర్ల వరకూ నేరుగా చెల్లించే వీలు కలిగింది. దాంతో క్రీడా విభాగాల బడ్జెట్ల మీద ఒత్తిడి ఇంకా పెరిగింది.

అపోహ: విద్యార్థులకు ఆసక్తి లేదు.

వాస్తవం: చాలాచోట్ల వాళ్లు వస్తారు, కానీ చివరిదాకా ఉండరు. అలబామా 2019లో ఫోన్ యాప్‌తో విద్యార్థులు స్టేడియంలో ఉన్నారో లేదో గమనిస్తూ, ఆటలో చివరి భాగమైన నాలుగో క్వార్టర్ దాకా ఉన్నవారికి పాయింట్లు ఇచ్చింది. ఏకపక్షంగా సాగే ఆట, సెప్టెంబరు ఎండ ఉన్నప్పుడు పాయింట్ల ఆశతో ఎంతసేపు కూర్చోబెట్టగలరు? విద్యార్థిగా గ్యాలరీలో కూర్చునే అలవాటు పడినవాడే తరువాత సీజన్ టికెట్ కొంటాడు, దాత అవుతాడు. ఆ అలవాటు తెగిపోతే సూట్లు కొనేవాళ్లు కూడా ముందు ముందు దొరకరు. కొత్త కట్టడం ఏదైనా విద్యార్థుల సీట్ల నుంచి ఆలోచన మొదలుపెట్టాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు పత్రికలు అడిగేదాకా ఆగకుండా, స్కాన్ లెక్కలను ప్రతి సీజన్‌లోనూ తామే ప్రకటించాలి.