అది తాత పోలిక కాకపోవచ్చు
రెండేళ్లలోపు తిండి లోటుతో గిడసబారుతున్న పిల్లలు

మహబూబ్‌నగర్: మూడేళ్లు నిండిన పిల్లవాడు రెండేళ్ల వాడిలా కనిపిస్తాడు. ఇంట్లో ఎవరికీ దిగులుండదు. ‘‘వాళ్ల తాత పోలిక. పొట్టివాడైనా గట్టివాడే’’ అంటుంది నాయనమ్మ. పాలమూరు పల్లెల్లో తరచు వినిపించే మాటే ఇది.

ఈ మాట చాలాసార్లు నిజం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 వరకు ఆరు దేశాల పిల్లల ఎదుగుదలను కొలిపించింది. వాటిలో మన దేశం కూడా ఉంది. మంచి తిండి, శుభ్రమైన పరిసరాలు ఉన్న ఇళ్లలో ఏ దేశం పిల్లలైనా అయిదేళ్ల వరకు దాదాపు ఒకే తీరుగా పెరుగుతారని తేలింది.

ఆ లెక్క ప్రకారం రెండేళ్లు నిండిన మగపిల్లవాడు నిలబడితే సగటున 87 సెంటీమీటర్లు, ఆడపిల్ల 86 సెంటీమీటర్లు ఉండాలి. మగపిల్లవాడు 81, ఆడపిల్ల 79 సెంటీమీటర్లకు కూడా చేరకపోతే గిడసబారినట్లు లెక్క. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి 28 మంది ఇలా ఉన్నారు. 2019-21 సర్వే నాటికి వారు 33 మంది అయ్యారు.

కడుపులోనే మొదలు

ఈ లోటు తల్లి కడుపులోనే మొదలవుతుంది. పద్దెనిమిది నిండకుండానే పెళ్లి, రక్తహీనత, కానుపుకూ కానుపుకూ ఎడం లేకపోవడం, నెలలు నిండేదాకా కూలిపని వల్ల బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది. పుట్టగానే ముర్రుపాలు పిండి పారబోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

ఆరో నెలలో అన్నప్రాశన ఘనంగా చేస్తారు. మర్నాటి నుంచి మళ్లీ తల్లిపాలే. లేదంటే పలుచని జావ, పప్పు మీది తేట. చిన్న పొట్ట నీళ్లతోనే నిండిపోతుంది. తల్లి నాట్లకో కలుపుకో వెళితే సాయంత్రం వరకు బిడ్డకు బిస్కెట్టే దిక్కు. అంగన్‌వాడీలో బిడ్డకని ఇచ్చిన బాలామృతం ఇంటిల్లిపాదీ పంచుకు తింటారు.

దీనికి తోడు విరేచనాలు, నులిపురుగులు. మురికి నీళ్లు, ఆరుబయట మలవిసర్జన ఉన్న చోట తిన్నది కూడా ఒంటికి పట్టదు. విరేచనాలు అయినప్పుడు తిండి మాన్పించడం మరో తప్పు. ఓఆర్ఎస్ నీళ్లు తాగిస్తూ, తల్లిపాలు, మెత్తని తిండి ఇస్తూనే ఉండాలి.

పొడుగొక్కటే కాదు

బక్కచిక్కిన బిడ్డ బాగా తింటే కొన్ని వారాల్లో ఒళ్లు చేస్తుంది. పోయిన పొడుగు అంత తేలిగ్గా రాదు. మెదడు వేగంగా పెరిగేదీ ఆ వయసులోనే కాబట్టి బడిలో వెనుకబడతారు. జబ్బులు త్వరగా పట్టుకుంటాయి. పెద్దయ్యాక పనిశక్తి, సంపాదన తగ్గుతాయి. గిడసబారిన ఆడపిల్ల తల్లి అయితే కానుపు కష్టమవుతుంది. ఆమె బిడ్డ కూడా తక్కువ బరువుతో పుట్టవచ్చు. ఒక తరం ఆకలి మరో తరానికి దిగుతుందన్నమాట.

రైతుకు అదను సంగతి చెప్పనక్కరలేదు. అదను దాటాక ఎంత ఎరువు వేసినా చేను కోలుకోదు. బిడ్డకు ఆ అదను కడుపున పడ్డ నాటి నుంచి రెండేళ్లు నిండే వరకు, అంటే వెయ్యి రోజులు.

ఇంట్లో ఉన్నదే చాలు

ఆరు నెలలు నిండగానే మెత్తగా ఉడికించిన అన్నం, పప్పు, ఆకుకూర కలిపి, కాస్త నూనె గాని నెయ్యి గాని వేసి, చెంచా వాలిస్తే జారిపోనంత చిక్కగా పెట్టాలి. మెత్తగా నూరిన పల్లీల పొడి, ఉడికించిన గుడ్డు, పండు ఇవ్వవచ్చు. తల్లిపాలు రెండేళ్ల వరకు మానకూడదు. తొమ్మిది నెలలు దాటితే రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి. తల్లి పనికి వెళితే ఈ బాధ్యత నాయనమ్మది, తండ్రిది కూడా.

గర్భిణికి అంగన్‌వాడీలో ఇచ్చే భోజనం, గుడ్డు, పాలు ఆమే తినాలి. బాలామృతం బిడ్డకే పెట్టాలి. అంగన్‌వాడీకి వెళ్లినప్పుడు బిడ్డ బరువుతోపాటు పొడుగు కూడా కొలిపించి, వయసుకు సరిపోయిందా అని అడగండి. పొడుగు తక్కువని తేలితే తాత పోలిక అని సరిపెట్టుకోకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి.