ఘాటుకు లొంగని బూజు

శివరాత్రి దాటేసరికి వరంగల్లు ఏనుమాముల మార్కెట్టు యెర్రబారుతుంది. ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకోనిదే మిర్చి యార్డులో నాలుగడుగులు వెయ్యలేము. కారం తక్కువా, రంగు ఎక్కువా అయిన మన చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంత ఘాటైన సరుకును బూజు ముట్టుకోదనుకుంటాం. అక్కడే వుంది పొరపాటు!

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుబట్టని జబ్బుతో చచ్చాయి. కారణం, వాటి మేతలో కలిపిన వేరుశనగ పిండికి పట్టిన ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు. అది వదిలే విషమే అఫ్లటాక్సిన్. కోళ్ల గొడవ మనకెందుకంటారా? 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది కాలేయం చెడి జబ్బుపడ్డారు. 106 మంది పోయారు. ఈ సంగతి శోధించి లోకానికి చెప్పినవారు మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులే.

ఆ బూజే మిరపకాయకూ పడుతుంది. కోసిన పండుకాయలో సగానికి పైగా నీరే. కల్లంలో వట్టి నేలమీద ఆరబోస్తే కింద మట్టి చెమ్మ, పైన రాత్రి మంచు, మధ్యలో అకాల వర్షం. పైపెచ్చు, కాయ పెళుసై విరగకుండా బస్తాకెత్తే ముందు నీళ్లు చిలకరించే అలవాటొకటి! పట్టా పరచి, రాత్రిళ్లు కప్పి, తేమ నూటికి పది పాళ్లకు దిగేదాకా ఎండబెట్టిన రైతు సరుకుకు ఈ బెడద చాలా తక్కువ.

కిలో మసాలా దినుసులో ఈ విషం 30 మైక్రోగ్రాములు మించరాదని మన దేశపు నిబంధన. అంటే ఒక్క గ్రాము విషం చాలు, నలభై కిలోల బస్తాలు ఎనిమిది వందలకు ఆ హద్దు ముట్టించడానికి. వేయించినా, మరిగించినా ఇది పూర్తిగా పోదు. చిటికెడు కారంతో ఎవరికీ ప్రాణం మీదికి రాదు, నిజమే. కాని కారం లేని పూట మనకేదీ?

రంగు వెలిసిన తాలుకాయను వేరే రాశి పోసి, తక్కువ ధరకు అమ్ముతారు. తాలంతా బూజు కాదు. బూజుకాయ దాక్కునేది మాత్రం ఎక్కువగా అందులోనే. పొడి అయిన తరువాత ఏది ఏదో ఎవరు చెప్పగలరు? చవగ్గా వచ్చిందని విడి కారం కొనే ఇల్లాలు ఈ మాట గుర్తుంచుకోవాలి.

కాయలే కొని గిర్నీలో పట్టించుకునేవారు, తొడిమలు తీసేటప్పుడు అక్కడక్కడ ఒక కాయ విరిచి చూడండి. గింజల చుట్టూ బూడిదరంగు నూగు గాని, పచ్చటి పొడి గాని కనిపిస్తే తుడిచి వాడకండి, పారవేయండి. పొయ్యిలో మాత్రం వెయ్యకండి, వీధి వీధంతా దగ్గుతుంది!