మొండి గుఱ్ఱము నేర్చిన పాఠము

1858వ సంవత్సరపు వసంతకాలమున, ఇంగ్లండులోని హాంప్‌షైరు మండలమందు ఒక అశ్వశాలలో, లార్డు డార్చెస్టరు అను ప్రభువునకు చెందిన క్రూయిజరు అను నొక మేలుజాతి పందెపు గుఱ్ఱము, మూతికి ఎనిమిది పౌనుల ఇనుపచిక్కము తగిలింపబడి, మనుష్యుని అలికిడి వినినంతనే గోడలు తన్నుచు, చెక్కలు కొఱుకుచు, ఒంటరిగా కాలము గడపుచుండెను. పందెములలో కీర్తి గడింపవలసిన వంశమున పుట్టిన గుఱ్ఱమది. కాని దాని దాపునకు పోయి జూలు దువ్వు సాహసము గల సాహిణి ఆ లాయమున ఒక్కడును లేకపోయెను. అట్టి గుఱ్ఱమును లొంగదీయగల్గుదునని పూనుకొని వచ్చినవాడు, అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున గ్రోవ్‌పోర్టు గ్రామమునందు పుట్టి, బాల్యమునుండియు గుఱ్ఱములే లోకముగా పెరిగిన జాన్ సాలమన్ రేరీ. అప్పటికతనికి ముప్పదియేండ్లు. విక్టోరియా రాణి యెదుట తన విద్యను ప్రదర్శించి మెప్పు పొందియుండుటచే అతని పేరు ఆ దేశమున అందఱి నోళ్ళలోను నానుచుండెను.

రేరీ మంత్రములు వేయలేదు, మందులు వాసన చూపలేదు. అతని సాధనములు రెండు తోలుపట్టీలు మాత్రమే. మొదటి పట్టీతో గుఱ్ఱముయొక్క ముందుకాలు నొకదానిని మోకాలివద్ద మడచి బిగించును. మూడు కాళ్ళపై నిలిచిన గుఱ్ఱము తన్నజాలదు, పరుగెత్తజాలదు. రెండవ పట్టీ రెండవ ముందుకాలికి కట్టబడి, నడుమున బిగించిన పటకా క్రిందుగా వచ్చి శిక్షకుని చేతిలోనుండును. గుఱ్ఱము ఎగిరినప్పుడు దానిని లాగినచో ముందుకాళ్ళు రెండును మడగి మోకాళ్ళపై దిగును. కొంతసేపు పెనుగులాడి, చెమట కాఱి, తుదకు ప్రక్కకు ఒఱగి పండుకొనును. అప్పుడు రేరీ దానిని కొట్టడు. మెడ నిమురును, చెవులు నిమురును, కడుపు క్రిందను తొడలనడుమను అరచేయి పోనిచ్చును, గిట్టలను తట్టును. ఇంతటి నిస్సహాయస్థితిలోను తనకేమియు కీడు జరుగలేదని గుఱ్ఱమునకు నమ్మిక కలుగువఱకు ఆ నిమురుట సాగును. ఈ విధముననే మూడు గంటలలోపల రేరీయు, అటుపిమ్మట ఆ ప్రభువును క్రూయిజరుపై నెక్కిరని నాటివారు వ్రాసిరి.

ఈ పద్ధతి నేటి అశ్వశాస్త్రజ్ఞులకు అంతగా రుచింపదు. లేవజాలని గుఱ్ఱము శాంతించినట్లు కానవచ్చినను, అది శాంతమో ఆశ వదలుకొనుటయో చెప్పుట కష్టమని వారి ఆక్షేపణ. ఆ ఆక్షేపణ న్యాయమైనదే యని నాకును తోచుచున్నది. అయినను కొరడాయు, ముళ్ళకళ్ళెమును తప్ప వేఱుమార్గ మెఱుగనివారు పెక్కురున్న ఆ కాలమున, భయపడిన జంతువునకు నొప్పి కలిగింపక భయము తీర్పవచ్చునని బహిరంగముగా చూపినవాడగుటచే రేరీని మనము తేలికగా త్రోసిపుచ్చరాదు. అతడు క్రూయిజరును తనతో అమెరికాకు గొనిపోయి, 1866లో ముప్పదియెనిమిదేండ్ల ప్రాయముననే మరణించెను. ఆ గుఱ్ఱము 1875 వఱకును బ్రతికెను. ఇతరుల చేతిలో పడిన తరువాత దాని పూర్వపు దుడుకుతనము మరల తలయెత్తెనని చెప్పుదురు. ఇది నిజమైనచో, ఆ మూడు గంటలలో మాఱినది గుఱ్ఱముయొక్క స్వభావము గాదనియు, ఒక మనుష్యునియెడ దాని అంచనా మాత్రమేననియు గ్రహింపవలెను.

ఈ భయమునకును, ఈ అంచనాకును మూలము గుఱ్ఱముయొక్క పుట్టుకలోనే యున్నది. గుఱ్ఱము పులివలె వేటాడి బ్రతుకు మృగము గాదు. పులికి ఆహారమగు మృగము. దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే మెడ త్రిప్పకయే దాదాపు చుట్టును చూడగలదు గాని, నొసటి కెదురుగా కొంతమేరయు, తోక వెనుక కొంతమేరయు దానికి కానరాదు. వెనుకనుండి చప్పుడు లేక వచ్చినవానిని అది తన్నుట దుర్మార్గమువలన గాదు, ఆత్మరక్షణార్థము. దాని గ్రహణశక్తి యెంత సూక్ష్మమో తెలుపుటకు బెర్లిను నగరపు హాన్స్ అను గుఱ్ఱముయొక్క ఉదంతము చాలును. విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అను ఉపాధ్యాయుడు పెంచిన ఈ గుఱ్ఱము, కూడికలకును తీసివేతలకును గిట్టతో నేలను తట్టి సమాధానములు చెప్పుచు 1904 ప్రాంతమున ఐరోపా ఖండమును విస్మయపఱచెను. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అను పరిశోధకుడు 1907లో దాని గుట్టు వెల్లడించెను. ప్రశ్నించువానికి సమాధానము తెలియనప్పుడు హాన్సునకును తెలియదు. సరియైన సంఖ్య వచ్చినంతనే ప్రశ్నించువాని తల, అతడే యెఱుగనంత స్వల్పముగా కదలుటను కనిపెట్టి, ఆ గుఱ్ఱము తట్టుట మానుచుండెను. అంత చిన్న కదలికను చదువగల జంతువునకు, వీపుపై కూర్చున్న రౌతు లోలోపల జంకుటయు, వాగెలు పట్టిన వ్రేళ్ళు బిగియుటయు తెలియకుండునా?

ఇంతటి గ్రహణశక్తి గల జంతువునకు నేర్పు సూత్రము వినుటకు సులభము, ఆచరణకు కఠినము. రౌతు తన పిక్కలతో డొక్కను మెల్లగా నొక్కును. గుఱ్ఱము అటునిటు తడబడి, తుదకు ఒక అడుగు ముందునకు వేయును. ఆ అడుగు పడిన క్షణముననే పిక్కలు సడలవలెను. ఆ సడలింపే గుఱ్ఱమునకు బహుమానము. రెండు మూడు క్షణములు ఆలస్యమైనచో, తాను చేసిన యే పనికి ఆ సుఖము లభించినదో దానికి బోధపడదు. అంతకంటె చెఱుపు మఱియొకటి కలదు. గుఱ్ఱము ముందుకాళ్ళెత్తి నిలిచినది. రౌతు భయపడి దిగిపోయెను. కాళ్ళెత్తినచో వీపుమీది బరువు తొలగునని గుఱ్ఱము ఆనాడే నేర్చినది. ఇట్లు కొన్ని పర్యాయములు జరిగిన పిమ్మట మనము దానికి పొగరుబోతని పేరు పెట్టుదుము. నిజమునకది మిక్కిలి చుఱుకుగా నేర్చినది; నేర్పినవాడే తానేమి నేర్పుచున్నాడో యెఱుగడయ్యెను. మొండిగుఱ్ఱములలో పెక్కింటి చరిత్ర యిదియే.

అట్టి గుఱ్ఱమును దారికి తెచ్చుటలో ఎత్తుపల్లములు తప్పవు. ఇన్నాళ్ళును ఫలించిన యుపాయము ఇప్పుడు ఫలింపనప్పుడు, గుఱ్ఱము దానిని వెంటనే విడువదు. మొదట ఇనుమడించిన బలముతో ప్రయోగించును. మిఠాయికొఱకు ఏడ్చు పిల్లవాడు, తల్లి ఈయకున్నచో, ఏడ్పు మానుటకు ముందు గొంతు పెంచును గదా! సరిగా ఈ ఘట్టముననే శిక్షకుడు విసిగి, నిన్నటికంటె నేడు అధ్వాన్నముగా నున్నదని కళ్ళెము విడిచినచో, మఱింత గట్టిగా ఎదిరించినచో గెలుపు తనదేయని గుఱ్ఱము స్థిరపఱచుకొనును. ఓపికతో ఆ దినము దాటినవానికి నెమ్మదిగా దారి తెఱచుకొనును. అణగినదనుకొన్న దురలవాటు, కొన్నినాళ్ళ విశ్రాంతి తరువాత ఒకటిరెండు మార్లు తలయెత్తుటయు సహజమే. ఆవరణలో చక్కగా నడచిన గుఱ్ఱము బజారులో ఏమియు తెలియనట్లు నిలిచిపోవుటయు నట్టిదే: దాని దృష్టిలో పాఠముతోపాటు ఆ ఆవరణయు, ఆ కంచెయు, ఆ వేళయు కలిసియే యున్నవి గాన, క్రొత్తచోట మొదటినుండి చెప్పవలసివచ్చును.

దుడుకుతనమునకు మేతయు కారణము కావచ్చును. కొందఱు యజమానులు వ్యాయామము లేని గుఱ్ఱమునకు ఉలవగుగ్గిళ్ళు దండిగా పెట్టి, అది గంతులు వేయుచున్నదని వాపోవుదురు. గుఱ్ఱమునకు గుగ్గిళ్ళు తిన నేర్పవలెనా యన్న సామెత వారికి తెలియును గాని, తిన్న గుగ్గిళ్ళు ఎచటికో పోవలెను గదా యన్న ఆలోచన రాదు.

గుఱ్ఱములకు నేర్పు ఈ విద్య మనకు క్రొత్తది గాదు. ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అని అశ్వగతు లైదింటిని అమరకోశమే పేర్కొనినది. తెలుగున మనుమంచిభట్టు హయలక్షణవిలాసమును రచించెను. గ్రీకు దేశమున క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దముననే జెనొఫన్ అశ్వారోహణమునుగూర్చి గ్రంథము వ్రాసి, కోపముతో గుఱ్ఱము దాపునకు పోరాదని హెచ్చరించెను. కోపమున చేసిన పనికి పిదప పశ్చాత్తాపపడవలసివచ్చునని అతడు చెప్పిన కారణము. ఇరువదిమూడు శతాబ్దములు గడచినను ఆ హెచ్చరికకు చేర్పవలసినది స్వల్పమే.

ఆ స్వల్పము మన యూళ్ళలో పెండ్లి ఊరేగింపులకును, సముద్రతీరమున పిల్లల సవారికిని గుఱ్ఱములను త్రిప్పుచు జీవించువారికి మనవిగా చెప్పదలచితిని. గుఱ్ఱముయొక్క దవడపండ్లు ఆయువున పెక్కుభాగము పెరుగుచునే యుండి, అంచులు వాడిదేఱి, కళ్ళెము లాగినప్పుడెల్ల బుగ్గలను కోయును. కొలత కుదురని జీను వెన్నెముకను ఒఱయును. లాడము సరిగా పడనిచో అడుగడుగునకు నొప్పి. నోరులేని జంతువు ఈ బాధలను తల విదిల్చియు, వెనుకకు నడచియు, కఱచియు తెలుపును. కావున గుఱ్ఱము మొండికెత్తినదని కొరడా తీయుటకు ముందు జీను దించి వీపు తడిమి చూడుడు, గిట్టలెత్తి చూడుడు, పశువైద్యుని పిలిపించి నోరు తెఱపించి పండ్లు చూపింపుడు.