ప్రశ్న పక్కనే జవాబు

అవధానంలో కాగితం ప్రశ్నలడిగే పృచ్ఛకుల చేతిలో ఉంటుంది, అవధాని చేతిలో ఉండదు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు పదాలిచ్చి దత్తపది అంటారు, మరొకరు వర్ణన అడుగుతారు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కో పాదం చొప్పున చెప్పుకుంటూ పోయి, మళ్లీ మొదటి పృచ్ఛకుడి దగ్గరికి వచ్చి, ఆపిన చోటి నుంచే అందుకోవాలి. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన ఏదో ఒకటి అడిగి దృష్టి మళ్లిస్తూనే ఉంటాడు. అంతా అయ్యాక ధారణ: పద్యాలన్నీ తిరిగి అప్పజెప్పాలి. తిరుపతి వేంకట కవులు వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకూ, కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల సంస్థానానికీ వచ్చి ఈ విద్య చూపి సత్కారాలు అందుకున్నారు. పండితుల్ని పోషించిన గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అనే పేరే ఉంది.

సంస్థానాధీశులు ఆ విద్యకు అంత విలువ ఎందుకిచ్చారో ఇప్పటి మనోవిజ్ఞాన శాస్త్రం చదివితే ఇంకా బాగా అర్థమవుతుంది. అడిగిన మాట కంటిముందు లేకుండా దానికి జవాబు కట్టడం మనిషి మెదడుకు కష్టమైన పని.

అప్పటికప్పుడు వాడుకోవడానికి విషయాలను పట్టి ఉంచే జ్ఞాపకాన్ని పని జ్ఞాపకం అందాం. అందులో ఏడు అంశాలు, రెండు అటూ ఇటూగా, పడతాయని జార్జ్ మిల్లర్ 1956లో రాశాడు. నెల్సన్ కోవన్ 2001లో పాత ప్రయోగాలన్నీ తిరగేసి, అసలు సంఖ్య నాలుగుకు దగ్గరగా ఉంటుందని తేల్చాడు. జవాబు రాసేవాడు ఈ కాస్త చోటులోనే అడిగినదీ పెట్టుకోవాలి, తాను చెప్పదలచినదీ పెట్టుకోవాలి, సగంలో ఉన్న వాక్యాన్నీ మోయాలి. కొత్త మాట లోపలికి రాగానే పాతది ఒకటి జారిపోతుంది. చాలాసార్లు జారేది ప్రశ్నే, ఎందుకంటే మనసంతా మన జవాబు మీద ఉంటుంది.

మరి అవధానికి ఎలా సాధ్యం? ఛందస్సు అతనికి ఊతం. యతి, ప్రాస, గణాలు ప్రతి పాదానికీ ఒక చట్రం కట్టి పెడతాయి, తప్పిన అక్షరం అక్కడ ఇమడదు. ఏళ్ల సాధన మిగిలింది చేస్తుంది. అమెరికాలో ఎరిక్సన్, చేజ్, ఫాలూన్ 1980లో ప్రచురించిన ప్రయోగం దీనికి దగ్గరగా ఉంటుంది. ఏడు అంకెలు మాత్రమే గుర్తుంచుకోగలిగిన ఒక విద్యార్థి, 230 గంటలకు పైగా సాధన చేశాక, ఒకసారి విని 79 అంకెలు అప్పజెప్పాడు. అతడు పరుగు పందేల ఆటగాడు కాబట్టి అంకెల్ని పరుగు సమయాలుగా మార్చుకునేవాడు. అంకెల బదులు అక్షరాలు ఇస్తే మాత్రం మళ్లీ ఆరు దగ్గరే ఆగాడు. సాధన పెంచింది ఆ ఒక్క రకం సరుకును పట్టుకునే నేర్పునే. గొప్ప ధారణ ఉన్నవారికైనా ఛందస్సు లేని సర్వే నంబర్ల పట్టిక ఇస్తే కాగితం చూడాల్సిందే అనిపిస్తుంది నాకు.

సర్వే నంబర్ల మాట ఊరికే అనలేదు. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు విడిగా ఏర్పడ్డాయి. ఈ జిల్లాల కలెక్టరేట్లలో సోమవారం ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణి జరుగుతుంది. విత్తన పత్తి వేసే రైతు ఒకరు అర్జీ ఇచ్చారనుకుందాం. అందులో మూడు సంగతులున్నాయి: పాసుపుస్తకంలో విస్తీర్ణం తక్కువ పడింది, తండ్రి పోయాక భూమిని వారసుల పేరుకు మార్చే విరాసత్ కాలేదు, పొలానికి వెళ్లే బాట మూసేశారు. కొన్నాళ్లకు జవాబు వస్తుంది. పైన ‘విషయం’, దాని కింద ‘సూచిక’. సూచికలో అర్జీ నంబరు, తేదీ ఉంటాయి. కింద విస్తీర్ణం గురించి రెండు వాక్యాలు. విరాసత్ ఊసు లేదు, బాట ఊసు లేదు.

దీన్ని వెంటనే నిర్లక్ష్యం అనేస్తాం. కొన్నిసార్లు అదే కావచ్చు కూడా. కానీ సూచిక చేసే పనేమిటో చూడండి. అది అర్జీ ఎక్కడుందో చెబుతుంది, అర్జీని చూపదు. రాసే గుమాస్తా ఫైలు వెనక్కి తిప్పాలి, చదివే రైతు ఇంట్లో దాచిన నకలు వెతకాలి. ఆ చిన్న శ్రమ ఎంత పెద్ద తేడా తెస్తుందో ప్రయోగాలు చూపించాయి.

రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో డేనా బాలార్డ్, మేరీ హేహో, జెఫ్ పెల్జ్ 1995లో ఒక పరిశోధన ప్రచురించారు. తెర మీద రంగు దిమ్మెల నమూనా ఉంటుంది, దాన్ని చూసి పక్కన అలాంటిదే పేర్చాలి. కళ్ల కదలికల్ని యంత్రం నమోదు చేస్తుంది. ఒక్కో దిమ్మెకు మనుషులు తరచుగా రెండుసార్లు నమూనా వైపు చూశారు: ఒకసారి రంగు కోసం, ఇంకోసారి చోటు కోసం. రెండూ ఒకేసారి గుర్తుపెట్టుకోగలిగినవారే. అయినా చూడటం తేలికైనప్పుడు మెదడు గుర్తుపెట్టుకునే శ్రమ పడదు. కంటిముందున్న వస్తువునే తన జ్ఞాపకంగా వాడుకుంటుంది.

తర్వాత వెయ్-టాట్ ఫు, వేన్ గ్రే ఇదే పనిలో నమూనాను మూసిపెట్టారు. కొందరికి ఒక మీట నొక్కితే కనిపిస్తుంది. మరికొందరు బాణం గుర్తును అక్కడికి జరిపి, ఒక సెకను ఆగితే గాని కనిపించదు. ఆ ఒక్క సెకనుకే ప్రవర్తన మారింది. జనం నమూనా చూడటం తగ్గించి, గుర్తున్నదాన్ని నమ్ముకున్నారు. 2004లో ఆ ఇద్దరూ మరో పనితో చేసిన ప్రయోగంలో కూడా, తప్పులేని సమాచారం చేరువలోనే ఉన్నా జనం తలలోని అరకొర జ్ఞాపకం మీదే ఆధారపడ్డారు. సెకనుకే ఇలాగైతే పది కాగితాలు వెనక్కి తిప్పాల్సిన ఫైలు సంగతి వేరే చెప్పాలా? గుమాస్తాను మందలించడం కన్నా అర్జీని ఆయన కళ్లముందు పెట్టడం మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ సంగతి ఎరిగిన వ్యవస్థలు మన దగ్గర లేకపోలేదు. గద్వాలలోనో నాగర్‌కర్నూల్‌లోనో సివిల్ కోర్టులో దావా వేస్తే, ప్రతివాది వకీలు దావా ప్రతిని పక్కన పెట్టుకుని ఒక్కో పేరాకు జవాబు రాస్తారు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఎనిమిదో ఆర్డరు ప్రకారం ‘అవన్నీ అబద్ధం’ అని గంపగుత్తగా అంటే చాలదు. ఏ ఆరోపణకు ఆ ఆరోపణ విడిగా కాదనాలి. కాదనకుండా వదిలేసిన దాన్ని ఒప్పుకున్నట్టే లెక్కగట్టవచ్చు. పార్లమెంటులో సభ్యుల ప్రశ్నను భాగాలుగా అచ్చువేసి, ఆ భాగాల వరసలోనే మంత్రి జవాబు ఇస్తారు. ఏది ఎగ్గొట్టారో చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది. అర్జీ జవాబుకు ఇదే పద్ధతి ఎందుకు ఉండకూడదు? కాగితాన్ని నిలువునా రెండు భాగాలు చేసి, ఎడమ వైపు అర్జీదారు అడిగినది ఆయన మాటల్లోనే, కుడి వైపు దాని మీద తీసుకున్న చర్య. విరాసత్‌కు ఎదురుగా గడి ఖాళీగా ఉంటే సంతకం చేసే అధికారి కంటికే ముందుగా పడుతుంది.

పక్కనే అంటే నిజంగా పక్కనే ఉండాలి. జామెట్రీ బొమ్మ ఒకచోట, వివరణ మరోచోట ఉంటే చూపును అటూ ఇటూ తిప్పడంలోనే పిల్లల శక్తి ఖర్చవుతుందని ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్ బృందం 1980ల చివర్లో చూపింది. వివరణను బొమ్మలోనే, ఆయా కోణాల దగ్గరే రాస్తే నేర్చుకోవడం మెరుగైంది. అందుకే అర్జీ మొత్తాన్ని జవాబు చివర జతచేస్తే సగం మేలే జరుగుతుంది.

అలాగని మూలమంతా ప్రతిచోటా దించేయడమూ పనికిరాదు. అదే బృందం ఇంకో సంగతి కూడా గమనించింది: అవసరం లేని సమాచారాన్ని మళ్లీ మళ్లీ పెడితే అది కూడా పని జ్ఞాపకానికి బరువే. రైతు అర్జీలో నమస్కారాలు, ఇంటి కష్టాలు, పాత జాబుల ప్రస్తావనలు ఉంటాయి. వాటిని ఫైలులో భద్రంగా ఉంచాలి, కానీ ఎడమ గడిలోకి రావలసినవి ఆ మూడు కోరికలే. అవి ఏవో తేల్చే పని అర్జీ తీసుకునే సోమవారమే, అర్జీదారు ఎదురుగా ఉండగానే, ఆయనకు చదివి వినిపించి చేయవచ్చు.