సూర్యలంక దారిలో ఢిల్లీ మాటలు

తెలంగాణకి సముద్రం లేదు. హైటెక్ సిటీ వాళ్లకి ఆ లోటు తీర్చేది బాపట్ల పక్కనున్న సూర్యలంక. శుక్రవారం రాత్రి లాగవుటయ్యి, కాసేపు కునుకు తీసి, తెల్లారకముందే ఔటర్ ఎక్కితే పొద్దు బాగా ఎక్కేలోపు ఇసుకలో కాళ్లు పెట్టొచ్చు. మూడొందల కిలోమీటర్ల పైచిలుకు దారి. చాలామంది నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే వదిలి, నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా అద్దంకి రోడ్డు పడతారు. వాడపల్లి దగ్గర కృష్ణ దాటాలి. మన మూసీ వచ్చి కృష్ణలో కలిసేదీ అక్కడే.

పాటలు నల్లగొండ దాకానే. ఆ తర్వాత మాట ఎక్కడ మొదలైనా ఢిల్లీకే చేరుతుంది.

ఆఫీసులో రాజకీయాలు మాట్లాడరు. పక్క సీటు వాడిది ఏ పార్టీయో తెలిసినా తెలియనట్టే ఉంటారు. 2023 సెప్టెంబరులో చంద్రబాబు అరెస్టయినప్పుడు విప్రో సర్కిల్ దగ్గర ఐటీ ఉద్యోగులు రోడ్డెక్కారు గానీ, అలాంటివి అరుదు. మనసులో మాట బయటపడేది ఇలా నలుగురూ ఒక కారులో కూర్చున్నప్పుడే. అది ఉబుసుపోక కబురని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. నేను విన్నంతలో ఆ గొణుగుడులో సగానికి పైగా న్యాయమైనదే.

మొదట వచ్చేది పన్ను. "అన్నా, ఫారం 16 చూస్తే కడుపు తరుక్కుపోతోంది. ఇందులో మనకి తిరిగొచ్చేదెంత?" అని స్టీరింగ్ పట్టుకున్నవాడు అడిగాడు. కేంద్రం పంచే పన్నుల్లో రాష్ట్రాలన్నిటికీ కలిపి 41 శాతం ఇవ్వాలని 2026 మార్చి దాకా నడిచిన 15వ ఆర్థిక సంఘం లెక్క చెప్పింది. ఆ మొత్తంలో అప్పుడు తెలంగాణ వాటా 2.102 శాతం, ఆంధ్రప్రదేశ్‌ది 4.047. బిహార్‌కి పది, ఉత్తరప్రదేశ్‌కి దాదాపు పద్దెనిమిది. తలసరి ఆదాయం తక్కువున్న రాష్ట్రానికి ఎక్కువ దక్కేలా లెక్క కట్టారు. ఆ ఒక్క కొలమానానికే 45 శాతం బరువు ఇచ్చారు.

వెనక సీట్లో బిహార్ కుర్రాడున్నాడు. మాదాపూర్‌లో ఉంటూ తెలుగు బాగానే పట్టుకున్నాడు. "మీ అపార్ట్‌మెంట్లు కట్టేది మావాళ్లే కదా భయ్యా. మా ఊళ్లో బడి, పని సరిగ్గా ఉంటే ఇంతదూరం ఎందుకొస్తారు?" అన్నాడు. ఎవరూ వెంటనే జవాబు చెప్పలేకపోయారు. అతను అన్నదీ నిజమే. పేద రాష్ట్రానికి ఎక్కువ ఇవ్వడంలో అన్యాయమేమీ లేదు. నాకు కోపం తెప్పించేది వేరే ఉంది. సెస్సు, సర్‌చార్జి పేరుతో కేంద్రం వసూలు చేసేది ఈ పంపకం లెక్కలోకే రాదు. అందులోంచి తెలంగాణకి వాటా లేదు, బిహార్‌కీ లేదు. దక్షిణాది, ఉత్తరాది అని తిట్టుకునే బదులు ఇద్దరూ కలిసి అడగాల్సిన ప్రశ్న అది.

సీట్ల సంగతీ అంతే. ఏ రాష్ట్రానికి ఎన్ని లోక్‌సభ స్థానాలన్నది ఇంకా 1971 జనాభా లెక్క మీదే నిలబడి ఉంది. 1976లో 42వ సవరణ ఆ పంపకాన్ని కొంతకాలం మారకుండా ఆపింది. తర్వాత 84వ సవరణ ఆ గడువుని 2026 తర్వాత జరిగే తొలి జనగణన దాకా పొడిగించింది. ఇప్పుడు తెలుగు రాష్ట్రాలు రెండిటికీ కలిపి 42 సీట్లు, ఒక్క యూపీకి 80. ఆ గడువు తీరి కొత్త జనాభా లెక్కతో సీట్లు పంచితే, కుటుంబ నియంత్రణ పాటించినందుకు మన గొంతు ఇంకా చిన్నదైపోవాలా అన్నది కారులో అందరి బాధ. 2025 మార్చిలో చెన్నైలో స్టాలిన్ దీనిమీద పెట్టిన సమావేశానికి రేవంత్ రెడ్డి, కేటీఆర్ ఇద్దరూ వెళ్లారంటే ఈ భయం పార్టీలు దాటిందనే కదా.

ఐటీఐఆర్ పేరు ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలకి తెలియదు. 2013లో హైదరాబాద్ చుట్టూ 202 చదరపు కిలోమీటర్లలో ఐటీ పెట్టుబడుల ప్రాంతానికి కేంద్రం ఆమోదం తెలిపింది. కేంద్రంలో ప్రభుత్వం మారాక అది అటకెక్కింది. సీనియర్లు ఇప్పటికీ నొచ్చుకుంటారు.

సూర్యలంకలో దిగాక కాసేపు ఈ మాటలేవీ ఉండవు. సరుగుడు తోటల వెనక కారు ఆపి, ప్యాంట్లు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలోకి పరిగెత్తడమే. ఒడ్డున పోలీసు ఈల వేస్తూనే ఉంటాడు. వేయాల్సిందే, ఇక్కడి అలలు ప్రాణాలు తీసిన రోజులున్నాయి. పాకలో పెనం మీద అల్లం వెల్లుల్లి, కారం పట్టించిన చందువ వేగుతోంది. ఆ అమ్మ అట్లకాడతో చేపని ఒకసారి అదిమి చూసింది. నూనె చిటపట తగ్గాకే రెండో వైపుకి తిప్పింది. 2025 దసరా వెళ్లాక సంగతి ఇది. బేరం ఎలా ఉందమ్మా అంటే, "అమెరికావోడు పన్నేశాడంట బాబూ, రొయ్య రేటు పడిపోయింది. మా ఆయన కాపలా ఉండే చెరువులో ఈసారి పిల్ల వదల్లేదు" అంది.

ఆ ఏడాది ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుమన్నారు. ఆన్‌సైట్ ఆశలున్న కుర్రాళ్లకీ, రొయ్యల చెరువు కాపలా మనిషికీ దెబ్బ ఒకే చోట నుంచి తగిలింది. ఇద్దరి తరఫునా గట్టిగా మాట్లాడాల్సింది ఢిల్లీయే. తినడం ఆపి మావాళ్లు ఆమెని చాలాసేపు వివరాలడిగారు. దారి పొడుగునా అంకెల్లో మాట్లాడినదంతా అక్కడ ఒక మనిషి కష్టంగా ఎదురైంది.

తిరుగు ప్రయాణంలో చీరాల మీదుగా వెళ్దామని నేనే పట్టుబట్టాను. బాపట్ల నుంచి ఇరవై కిలోమీటర్లలోపే. పన్ను మీద జనం తిరగబడిన ఊరది. చీరాల, పేరాలల్ని కలిపి మద్రాసు ప్రభుత్వం మున్సిపాలిటీ చేస్తే ఏడాదికి నాలుగు వేలున్న పన్ను నలభై వేలకి పెరిగింది. నేత పనివాళ్లు, చిన్న రైతులు మోయలేమన్నారు. ఎడిన్‌బరోలో చదివొచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వాళ్లకి నాయకుడయ్యాడు. 1921లో 13 వేల మందికి పైగా ఇళ్లకి తాళాలు వేసి, ఊరి పొలిమేర దాటి, పాకలు వేసుకుని దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు. ఎండలోనూ వానలోనూ పదకొండు నెలలు ఉన్నారు. దుగ్గిరాలని జైల్లో పెట్టారు, డబ్బు అయిపోయింది, చివరికి జనం ఇళ్లకి తిరిగొచ్చారు. మున్సిపాలిటీ ఉండిపోయింది. గెలవలేదు. కానీ ఆ పన్ను గురించి దేశమంతా మాట్లాడుకునేలా చేశారు.

మనం ఇల్లు వదలక్కర్లేదు, చేతిలో ఓటుంది. 2023 నవంబరు 30న శాసనసభ ఎన్నికల్లో రాష్ట్రంలో 71 శాతం దాటి ఓటేస్తే, హైటెక్ సిటీ ఉన్న శేరిలింగంపల్లిలో పోలింగ్ సగానికీ చేరలేదు. అందరిదీ బద్ధకమని నేననను. చాలామంది ఓటు సొంతూళ్లోనే ఉంది. 2024 మేలో ఓటెయ్యడానికి పంతంగి టోల్‌గేటు దగ్గర గంటలు గంటలు కార్లలో కూర్చున్నది వీళ్లే. కానీ పన్ను కట్టేది, ట్రాఫిక్‌లో చిక్కుకునేది, పిల్లల్ని బడికి పంపేది ఇక్కడ. సొంతూరి ఎంపీ పేరు టక్కున చెప్పిన మా కారులోవాళ్లు, శేరిలింగంపల్లి ఏ లోక్‌సభ కిందికొస్తుందో తడుముకున్నారు. చేవెళ్ల కిందికి. సెస్సు గురించీ సీట్ల గురించీ ఉత్తరం రాయాల్సింది ఆ ఎంపీకి.

ఇక్కడే స్థిరపడ్డామనుకునేవాళ్లు ఫారం 8 నింపితే ఓటు ఇక్కడికి మారుతుంది. ఆన్‌లైన్‌లోనే నింపొచ్చు. అనుమానాలుంటే 1950కి ఫోన్ చేయండి. వచ్చే సముద్రం ట్రిప్పుకి ముందే ఆ పని చేసేయండి.